రాలేదన్న డాక్టరు గారి సర్టిఫికెట్

దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. మా ఇంట్లో పడుకునే ముందు ప్రార్థన ఉంది గానీ దిష్టి తీయడాలు, తాయెత్తులు ఎప్పుడూ లేవు. ఇది ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. ఎవరికైనా అర్థమైతే నాకు చెబుతారని.

నరసరావుపేటలో డాక్టర్ల సంఘం ఆఫీసులో పని చేస్తాను. రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే డాక్టర్లు సీఎంఈ క్లాసులకు, అంటే కొత్త వైద్యం నేర్పే పాఠాలకు, హాజరు కావాలి. ఆ సర్టిఫికెట్లు తయారు చేసేది నేనే. పేరు మెడికల్ కౌన్సిల్ రికార్డులో ఉన్నట్టే ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు, క్లాసు అనుమతి నంబరు, క్రెడిట్ అవర్లు, కౌన్సిల్ పంపే అబ్జర్వర్ సంతకం, ఏది తప్పినా మొత్తం మళ్లీ ప్రింటే. ఇంత చదువుకున్న వాళ్లు సొంత నంబరు అడిగితే "నీ దగ్గరే ఉంటది చూడమ్మా" అంటారు.

ఆ ఆదివారం పొద్దున పురుగుమందుల విషం మీద క్లాసు. గుంటూరు నుంచి ప్రొఫెసర్ గారు వచ్చి చెబుతున్నారు. గురజాల దగ్గర క్లినిక్ నడిపే శేషగిరి గారు ఆలస్యంగా వచ్చారు. ఏళ్లుగా తెలిసిన మనిషే.

"సార్, సంతకం" అని హాజరు పుస్తకం చూపించాను.

"వస్తానుండమ్మా" అంటూ లోపలికి వెళ్లి వెనక వరసలో కూర్చున్నారు. ఈయన కూడా ఇంతేనా అని విసుక్కున్నాను.

చివర్లో ఆయన చెయ్యెత్తితే మైకు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. విరుగుడుగా అట్రోపిన్ ఇస్తూనే ఉన్నా పేషెంటు ఛాతీలో గరగర తగ్గడం లేదు, నాడి మాత్రం పరిగెడుతోంది, ఆపాలా అని అడిగారు. నాడి చూసి ఆపొద్దు, గరగర పోయేదాకా ఇవ్వాల్సిందే అన్నారు ప్రొఫెసర్ గారు. భోజనాల దగ్గర చూస్తే శేషగిరి గారు లేరు. సంతకమూ లేదు.

మర్నాడు ఫోన్ చేశాను.

"నిన్న నేను రాలేదు గదమ్మా" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "సార్, మీకు మైకు ఇచ్చింది నేనే. ప్రశ్న కూడా అడిగారు" అని ఆ ప్రశ్నా జవాబూ అప్పజెప్పాను.

ఆయన ఆ ప్రశ్న ఇంకోసారి చెప్పించుకున్నారు. తర్వాత మెల్లగా చెప్పారు. ఆ పొద్దున మా క్లాసుకు బయలుదేరబోతుంటే, మిరప చేలో మందు కొడుతూ పడిపోయిన కూలీని తెచ్చారట. అంబులెన్సు వచ్చేదాకా తనే చూసుకోవాల్సి వచ్చిందట.

"నాడి చూసి భయమేసి సిరంజి పక్కన పెట్టానమ్మా. ఆపొద్దని ఎవరో చెప్పినట్టయింది. గదిలో ఆ మాట అనేవాళ్లు ఎవరూ లేరు. మళ్లీ ఎత్తుకున్నా. మనిషి బతికాడు."

నేను అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. కాంపౌండర్‌ని అడిగాను, ఆ కూలీ భార్యను కూడా ఫోన్లో అడిగాను. "పొద్దుగాల్నుంచి డాక్టరు మా ఆయన పక్కనే ఉన్నాడమ్మా, యాడికీ పోలా" అంది ఆమె. ఇక్కడేమో, పక్క కుర్చీలో కూర్చున్న డాక్టరు గారు మోకాలి నొప్పి ఎట్లా ఉందని అడిగితే శేషగిరి గారు తల ఊపారంటారు. ఫోటోలు తిరగేశాను. వెనక వరస ఒక్కదాంట్లోనూ పడలేదు.

ఈ మధ్యలో నా ప్రాణం తోడేశారు. అబ్జర్వర్ గారు, ప్రశ్న అడిగిన మనిషి రాలేదంటే ఎట్లా, సర్టిఫికెట్ ఇవ్వండి అంటారు. శేషగిరి గారికి రెన్యువల్ దగ్గర పడింది, అవర్లు తక్కువున్నాయి. అయినా "రాని క్లాసుకు నాకు సర్టిఫికెట్ ఎందుకమ్మా" అని ఒకటే పట్టు. ఎవరిని అడిగినా నన్నే తేల్చుకోమన్నారు. దీనికి రూల్ ఏదని కౌన్సిల్‌ను అడగను? చివరికి సంతకం లేదని ఆయన పేరు తీసేశాను.

పోలికలున్న మనిషా, మా అందరి పొరపాటా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. పోలికలున్న మనిషైతే ఆ ప్రశ్న ఎట్లా అడిగాడు?

తర్వాతి క్లాసుకు శేషగిరి గారు అందరికంటే ముందొచ్చి, అడక్కుండానే సంతకం పెట్టారు. ఎదురుగా కూర్చుని టీ తాగారు. నేను పక్క గదిలోకి వెళ్లి ఆయన క్లినిక్‌కు ఫోన్ చేశాను.

"సారు లేరమ్మా. మీ కాడికే వచ్చారు గదా" అన్నాడు కాంపౌండర్.

అప్పుడు గానీ ఆయన సర్టిఫికెట్ ప్రింటు ఇవ్వలేదు. ఇప్పటికీ ఆయన వచ్చిన ప్రతిసారీ అంతే చేస్తున్నాను.