తలకిందులుగా నిలవని విమానం

ఆ విమానం కొన్నప్పటినుంచి మా ఇంట్లో ఎవరికీ నిలకడ లేదు. మా అమ్మాయి ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తుంది. సెలవు వస్తే చాలు, ప్రొద్దుటూరు నుంచి నన్నూ వాళ్ళమ్మనూ కారెక్కించుకుని జమ్మలమడుగు దారిలో శనగ కోసిన చేలోకి తీసుకుపోయేది. ఆమె చేతిలో రిమోటు, పైన రెక్కల బొమ్మ. బొమ్మ అంటే ఆమెకు కోపం.

పులివెందులలో ఇట్లాంటి విమానాలు ఎగరేసేవాళ్ళు కలిసే ఆదివారం దగ్గరపడింది. నలుగురి ముందూ దీన్ని తలకిందులు చేసి, మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి నేరుగా నడిపించాలని ఆమె పంతం. విమానం మాట వినదే. ఒకసారి తలకిందులు చేస్తే ముక్కు నేలకు వంగేది. లోపలి బ్యాటరీని కాస్త వెనక్కి జరిపితే కుదిరేది. వారాలు గడిచేకొద్దీ అదే విమానం రిమోటు మీద వేలు తాకితే చాలు ఎగిరెగిరి పడేది. బ్యాటరీ మళ్ళీ ముందుకు. ఉన్నట్టుండి మళ్ళీ ముక్కు బరువు. అమ్మాయి రిమోటు తెర మీద ఇంగ్లీషులో ఏవేవో మార్చేది. నేను అక్షరాలు నేర్చిందే ముసలితనంలో, అదీ తెలుగు. ఏ సాయమూ చెయ్యలేక గట్టు మీద అటూ ఇటూ తిరిగేవాణ్ణి.

"నాయనా, ఒక తావున కూచో. నువ్వు తిరుగుతాంటే నాకు చెయ్యి వణుకుతాంది."

"నీ చెయ్యి వణికితే నా కాళ్ళనంటావేందిమ్మే?"

పులివెందులకు పోయే ముందు రోజు అమావాస్య. పొద్దున్నే నా భార్య విమానం మూత తీసి, ముక్కులో కట్టిన ఎండు నిమ్మకాయ విప్పి పచ్చిది కడుతోంది. కొత్త బండికి కట్టినట్టే దీనికీ దిష్టికి కట్టింది. ప్రతి అమావాస్యకూ మారుస్తుంది. అది మాకు తెలిసిందే, ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు అమ్మాయి ఎండుకాయ ఒక చేతిలో, పచ్చికాయ ఒక చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

"అమావాస్యకు బరువు, ఎండేకొద్దీ తేలిక. ఇన్ని నెలలూ నేను నీ నిమ్మకాయతో కొట్లాడుతాండానమ్మా."

"ఇంత కాయకు తూలేదాన్ని ఎగరేసేదెందుకు?"

"తీసేస్తాండా."

"తీస్తే నేను రాను. ముక్కలైతే నన్ను అడగొద్దు."

నేను అడ్డం పడ్డాను. "దిష్టి తగిలేది ఎగరేసేదానికి, అట్టముక్కకు కాదు. ఆ కాయ నీ కూతురికి దిగదీసి పారెయ్."

నా భార్య నా వైపు గుర్రుగా చూసింది గాని, ఆ పనే చేసింది. అమ్మాయి రెక్కల కింద రెండు వేళ్ళు ఆనించి, ముక్కూ తోకా సమంగా నిలిచేదాకా బ్యాటరీ జరిపి పట్టీ బిగించింది. సాయంత్రం గాలి లేచింది. ఎగరేసి చూసుకునే వీలే లేకపోయింది.

మర్నాడు పులివెందులలో మా వంతు వచ్చింది. విమానం లేచింది, ఒక చుట్టు తిరిగింది, పొట్ట ఆకాశానికి పెట్టింది. ఇంకా ముక్కు వంగలేదు. నా కాళ్ళు ఆగడం లేదు. వాళ్ళమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"దిగిందా?"

"దిగలా. తలకిందులుగానే పోతాంది, సక్కంగా. కొంగు తీసి చూడు."

"దిగినాక చెప్పు."