గేటు బయట పదకొండు మంది

ఎనభైల చివర్లో ఒక అక్టోబరు. ఆదిలాబాద్ నుంచి ట్రక్కులో నాలుగు గంటలు, తర్వాత పదకొండు కిలోమీటర్లు నడక. ఆ మట్టిరోడ్డు కింద నక్సలైట్లు పెట్టిన మందుపాతర ఉండొచ్చని ట్రక్కును వెనకే ఆపేశారు. మధ్యాహ్నం రెండూ నలభైకి క్యాంపు చేరాం. వీపు మీద పద్దెనిమిది కిలోల బరువు, చేతిలో రైఫిలు, నడుముకు మూడు మేగజీన్లు, ఒక నీళ్ల బాటిలు. ఆ నీళ్లు సగం దారిలోనే అయిపోయాయి.

క్యాంపంటే ఒక పాత బంగళా. దాని చుట్టూ ఆరు టెంట్లు, టెంట్ల చుట్టూ ఇసుక మూటలు, మూటల చుట్టూ రెండు వరుసల ముళ్లకంచె. కంచె అవతల వంద మీటర్ల దాకా చెట్టూ చేమా నరికేశారు. ఆ తర్వాత పత్తి చేను, దాని పక్కన వాగు, వాగు గట్టున ఇప్పచెట్లు, వాటి వెనక టేకు అడవి.

ఒక మాట ముందే చెప్పాలి. నేను పనిచేసింది ఆర్మీలో కాదు, కేంద్ర బలగంలో. ఈ తేడా మా ఊరు హుస్నాబాద్‌లో చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పెట్టింది. మావాళ్లకు తుపాకీ పట్టినవాడల్లా మిలట్రీయే. ఇప్పటికీ నన్ను మిలట్రీ రాజయ్య అనే పిలుస్తారు. సరే, అట్లాగే కానివ్వండి.

ఆ సాయంత్రమే కంపెనీ కమాండర్ ఆర్డర్లు చదివాడు. ఐదున్నరకు గేటు మూత. పొద్దున ఆరున్నరకు రోడ్డు తనిఖీ అయ్యాకే తీయాలి. మధ్యలో తీయాలంటే పైనుంచి రేడియోలో అనుమతి రావాలి. పదిమందికి తక్కువైతే కంచె దాటొద్దు. ఒంటరిగా ఊళ్లోకి పోవద్దు. అరవై మంది జవాన్లం, చేతుల్లో అరవై తుపాకులు, ఒక మెషిన్ గన్, ఇంతా చేసి బీడీ కట్ట కొనుక్కోవడానికి కూడా బయటికి పోలేం. అడవిని కాపలా కాయడానికి వచ్చామన్నారు. నాకైతే అడవే మమ్మల్ని కాపలా కాస్తున్నట్టు అనిపించేది.

నన్ను దుబాసీగా పెట్టారు. "నువ్వు తెలుగువాడివి కదా" అన్నాడు కమాండర్. ఇక్కడి గోండులు తమలో తాము మాట్లాడుకునేది గోండి అనీ, అది వేరే భాష అనీ మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తల ఊపాడు. నాలుగోసారి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. మా మాటలన్నీ హిందీలోనే సాగేవి, ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

మూడో రోజు పద్నాలుగు మందిమి గస్తీకి వెళ్లి తిరిగొస్తున్నాం. సాయంత్రం నాలుగూ పది. వాగు దాటుతుంటే డప్పుల చప్పుడు వినిపించింది. కాలిబాట మీద పదకొండు మంది మగవాళ్లు వస్తున్నారు. ముగ్గురికి ఒంటి నిండా బూడిద, మసి. భుజాన మేకతోలు, చేతిలో కర్ర, నెత్తిన ఇంత ఎత్తు నెమలి ఈకల కిరీటం. దీపావళికి గోండులు ఆడే దండారి అది. కిరీటాలు పెట్టుకున్నవాళ్లు గుస్సాడీలు. ఆ పది పన్నెండు రోజులూ వాళ్లు దీక్షలో ఉంటారు, ఊరూరా తిరిగి ఆడతారు. ఇదంతా నాకు అంతో ఇంతో తెలుసు. మిగతా పదమూడు మందికి తెలియదు.

"ముఖానికి మసి ఎందుకు పూసుకున్నారు?" అన్నాడు కమాండర్.

"పండగ సాబ్."

"పేర్లు రాసుకుని పంపిద్దాం. క్యాంపుకు రమ్మను."

వాళ్ల పెద్దమనిషి ఊరి పటేల్. అరవై దాటినవాడు, సన్నగా, నిటారుగా ఉన్నాడు. తెలుగు బాగా వచ్చు. ఆయన ముందుకు పోయి చెప్పాను.

"పటేలా, జర క్యాంపు దాక రండ్రి. చాయ్ తాగి, పేర్లు జెప్పి పోదురు. ఐదు నిమిషాలే."

"మాకు ఆలస్యమైతది బిడ్డా. గా ఊరోళ్లు వండుకోని కూసున్నరు."

"నేనున్న కదా. ఫికర్ చెయ్యకుండ్రి."

ఆయన నా మొహంలోకి చూశాడు. తెలుగు మాట్లాడే మొహం కదా, నమ్మాడు. పదకొండు మందీ మా వెంట నడిచారు.

పేర్లూ ఊర్లూ రాయడం తెమలకముందే ఐదున్నర అయి గేటు మూశారు. ఆరు గంటలకు రేడియో సమయం. కమాండర్ రిపోర్టులో ఒక్క మాట చేర్చాడు, పదకొండు మంది అనుమానితులను ఆపాం అని. నేను పక్కనే ఉన్నాను. వాళ్లు పండక్కి ఆడేవాళ్లని మళ్లీ చెప్పాను.

"నాకూ తెలుసు. చెప్పకపోతే రేపు ఎవడైనా అడిగితే?"

రేడియో ఆపరేటర్ ఆ మాట పంపించేశాడు. జవాబు రెండు నిమిషాల్లో వచ్చింది. "విచారణ అయ్యేదాకా ఉంచండి. ఓవర్."

అంతే. వాళ్లు ఎవరో తెలిసిన పోలీస్ స్టేషన్ మనిషి పండగ సెలవులో ఉన్నాడట. ఆయన వచ్చి అవునంటే తప్ప పైవాళ్లు వదలరు, పైవాళ్లు వదలమంటే తప్ప మా కమాండర్ వదలడు. చెడ్డవాడు కాదాయన. చెడ్డవాడైతే తిట్టుకునైనా ఊరుకునేవాణ్ని.

మొదటి రోజే స్టోర్ హవల్దార్ కిరీటాలు తీసుకెళ్లి బూట్ల పక్కన పెడతానన్నాడు. పటేల్ చివాల్న లేచి నిలబడ్డాడు. అవి నేల మీద పెట్టేవి కావనీ, వేరేవాళ్లు ముట్టేవి కావనీ హవల్దార్‌కు నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి గుస్సాడీలే వాటిని రాత్రి టెంటు గుంజకు వేలాడదీసి, పొద్దున మళ్లీ నెత్తిన పెట్టుకునేవాళ్లు. మర్నాడు పైనుంచి ఇంకో ప్రశ్న, కిరీటాల్లో నెమలి ఈకలు మొత్తం ఎన్ని? హవల్దార్ ముట్టుకోకుండా దూరంగా నిలబడి పెన్సిలు చూపిస్తూ లెక్కపెట్టాడు. నాలుగు వందల దాకా వచ్చాక ఎవరో పిలిచారు. లెక్క తప్పింది. కాగితం మీద "చాలా" అని రాసి పంపాడు.

మొదటి రెండు రోజులూ పొద్దున నేను టీ తెచ్చిస్తే పటేల్ ఒకే మాట అడిగాడు.

"బిడ్డా, ఐదు నిమిషాలైనయా?"

ఎటకారమో, నిజంగానే అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. మూడో రోజు నుంచి టీ వంటవాడితో పంపించాను. నాకు ఆ మొహం చూడాలంటే సిగ్గేసింది.

దీపావళి పోయింది. మాకు మనిషికి రెండు లడ్డూలు ఇచ్చారు. వంటవాడు తన వాటా నుంచి వాళ్లకూ పంచాడు. ఆ సాయంత్రం పటేల్ నన్ను పిలిపించాడు.

"ఎల్లుండి కోలబోడి. ఊరి బయట ఇప్పచెట్టు కింద గుస్సాడీలు అన్నీ దించుతరు. పూజ జేసి, తానం జేస్తరు. గప్పుడు మల్ల మనుషులైతరు. గా దాక ఇంట్ల కాలు వెట్టరు, పిల్లలను ముట్టరు."

"ఆ దినం తప్పితే ఏమైతది?"

"మా తాత నాటి సంది తప్పలే. ఏమైతదో నాకెట్ల తెలుస్తది?"

కమాండర్ దగ్గరికి పోయాను. రేడియోలో అడిగించాను. మర్నాడు మళ్లీ అడిగించాను. "విచారణలో ఉంది. ఓవర్." నేను నోటితో అన్న ఒక్క మాట కోసం పదకొండు మంది ఒక దినాన్ని పోగొట్టుకోబోతున్నారు. గేటు తాళం నా చేతిలో లేదు, మాట మాత్రం నాదే.

కోలబోడి నాడు మధ్యాహ్నం రెండుంబావుకి సెంట్రీ విజిల్ వేశాడు. అందరం ఇసుక మూటల వెనక మోర్చాల్లోకి దూకాం. టేకు అడవిలోంచి జనం వస్తున్నారు. నూరు మందికి తక్కువ ఉండరు. వాగు గట్టు మీద ఇప్పచెట్ల కింద ఆగారు. మూటలు దించారు. కమాండర్ బైనాక్యులర్స్ పెట్టుకున్నాడు, పక్కన ఆపరేటర్ రేడియో పట్టుకున్నాడు.

"గుంపు దగ్గర ఆయుధాలున్నాయా? ఓవర్."

"డప్పులున్నాయి. కోళ్లున్నాయి. ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. ఓవర్."

"నినాదాలు చేస్తున్నారా? ఓవర్."

"లేదు. పొయ్యి పెడుతున్నారు. ఓవర్."



"వాళ్ల డిమాండు ఏమిటి? ఓవర్."

"ఏమీ అడగడం లేదు. ఓవర్."

"అడగమనండి. ఓవర్."

పదిమంది రూలు పక్కనపెట్టి, అడగమని చెప్పడానికి నన్నొక్కణ్నే పంపారు. వంద మీటర్ల ఖాళీ జాగా, ఆ తర్వాత పత్తి చేను. నా వెనక అరవై తుపాకులు ఉన్నాయి, నాకు మాత్రం నా వీపు గురించే భయంగా ఉంది. ఒక ముసలమ్మ రాళ్లు పేర్చి పొయ్యి చేస్తోంది. మీరేం అడగడానికి వచ్చారని అడిగాను.

"ఏమడగాలె? మావోళ్లు ఊరికి రాలే. గందుకని ఊరే వచ్చింది. గీడ గూడ ఇప్పచెట్టే గదా."

వెనక్కి వచ్చి అదే మాట చెప్పాను. మెషిన్ గన్ జవాన్ అడిగాడు, "సాబ్, గన్ అటే గురిపెట్టి ఉంచాలా?" కమాండర్ బైనాక్యులర్స్ మెడ నుంచి తీసి పక్కన పెట్టాడు. తర్వాత "దించు" అన్నాడు. నా వైపు తిరిగాడు.

"రెండు గంటలు ఇస్తాను. మూడు నుంచి ఐదు. పైకి చెప్పను. తిరిగి రాకపోతే?"

"నేను జామీను సాబ్."

"కాగితం మీద రాయి."

రాశాను. పదకొండు మందిలో ఒక్కడు తగ్గినా బాధ్యత నాదే, ఏ శిక్షకైనా సిద్ధం అని రాసి సంతకం పెట్టాను. అప్పటికి నా సర్వీసు ఆరేళ్లు. ఇంటి దగ్గర అవ్వ, బాపు, పెళ్లి కావాల్సిన చెల్లె ఉన్నారు.  పటేల్ పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"మా పేర్లు రాసినవా?"

"లేదు. నా పేరే."

"మంచిది. వస్తం."

మూడింటికి గేటు తీశారు. నేనూ ఇంకో ఇద్దరు జవాన్లూ చేను గట్టున నిలబడ్డాం. డప్పులు మోగాయి. ముగ్గురు గుస్సాడీలూ చివరిసారి ఆడారు. తర్వాత చెట్టు కింద పరిచిన గుడ్డ మీద కిరీటాలు దించారు. వాగులోకి దిగి మెడ లోతు నీళ్లలో కూర్చున్నారు. మసి కారిపోయి నీళ్లు నల్లబడ్డాయి. వాళ్లలో చిన్నవాడు బయటికి రాగానే ఒక ఆడమనిషి పసిపిల్లను వాడి చేతుల్లో పెట్టింది. తడి ఒంటితోనే హత్తుకున్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పక్క జవాన్ చూడకుండా మొహం తిప్పుకున్నాను.

నాలుగూ నలభైకి పటేల్ దగ్గరికి పోయాను.

"గిట్లనే పోండ్రి పటేలా. అడవి గీడనే ఉన్నది. నేను చూసుకుంట."

"ఏం జూసుకుంటవ్? కాగితం మీద నీ పేరున్నది."

"నా పేరు సంగతి నాకు ఇడిశిపెట్టు."

"నువ్వు పో. మేం తినాలె."

ఐదింటికి కమాండర్ విజిల్ వేసి మా ముగ్గురినీ లోపలికి పిలిచాడు. జనం ఇంకా తింటున్నారు. ఐదుంబావుకి పొగ తప్ప మనుషులు సరిగా కనిపించలేదు. ఐదున్నరకు గేటు మూశారు. కమాండర్ గడియారం చూసుకున్నాడు, నన్ను చూశాడు, లోపలికి పోయాడు. పోయారు, మంచిదైంది అనుకున్నాను. అదే క్షణంలో బాపుకు ఏం చెప్పాలా అని కూడా అనుకున్నాను. రెండూ నిజమే.

ఐదూ నలభైకి సెంట్రీ అరిచాడు, "ఆగండి! ఎవరు మీరు?"

పరిగెత్తాను. గేటు బయట పదకొండు మంది ఉన్నారు. ఐదు రోజులుగా కిరీటాలూ మసీ చూసిన సెంట్రీకి ఆ ముగ్గురు బక్క మనుషులు కొత్తవాళ్లు. గుర్తు తెలియని వ్యక్తులంటాడు. వీళ్లే వాళ్లంటే, అయినా గేటు మూసేశాం, ఆర్డరు ఆర్డరే అంటాడు. నాకు ఒళ్లు మండిపోయింది, సెంట్రీ మీద కాదు, పటేల్ మీద.

"ఎందుకచ్చిండ్రు? పొమ్మన్న కదా!"

పటేల్ కంచె దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"ఐదు నిమిషాలన్న మాట నువ్వు నిలుపుకోలే. వస్తమన్న మాట మేం నిలుపుకుంటం. గేటు తియ్యి, సలి వెడుతున్నది."

వెనక ఆపరేటర్ పైవాళ్లతో మాట్లాడుతున్నాడు.

"గేటు తీయడానికి అనుమతి కావాలి. ఓవర్."

"ఎవరు రావాలి? ఓవర్."

"మనం ఆపినవాళ్లే. లోపలికి రానివ్వమంటున్నారు. ఓవర్."

"వాళ్లు లోపలే ఉన్నారు కదా? ఓవర్."

కమాండర్ వచ్చి రేడియో కట్టేశాడు. నేరుగా గేటు దాకా నడిచి తనే గడియ తీశాడు. పదకొండు మందీ తలలు వంచి లోపలికి వచ్చారు. నేను రాసిన కాగితాన్ని అక్కడికక్కడే చింపేశాడు. 

మర్నాడు ఎనిమిదింటికి ఆర్డరు వచ్చింది. "విచారణ అయింది. వదిలేయండి. ఓవర్." ఎనిమిదీ ఇరవైకి వాళ్లు వెళ్లిపోయారు. పటేల్ వంటవాడికి చెప్పి వెళ్లాడు, నాకు చెప్పలేదు. అది నాకు తగిందే.

తొమ్మిది నెలల తర్వాత బదిలీ అయింది, సెలవు దొరికింది. కరీంనగర్‌లో బస్సు మారి హుస్నాబాద్‌లో దిగాను. బజారులో అందరూ అడిగింది ఒకటే, ఎంతమందిని కొట్టినవ్ అని. ఆ పంద్రాగస్టుకు బడి హెడ్మాస్టర్ పిలిచి స్వాతంత్ర్యం గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నాడు. "జైలు గోడలు దూకి తప్పించుకున్నోళ్ల కథలేమన్న ఉంటే చెప్పుండ్రి, పిల్లలకు హుషారుంటది" అన్నాడు. నాకు తెలిసింది ఇదొక్కటే. ఇదే చెప్పాను. పిల్లలకు నచ్చలేదు, సార్లకూ నచ్చలేదు. బిస్కెట్లు పంచి పంపించేశారు.

సర్వీసులో తర్వాత ఇంకా చాలా చూశాను. చాలావరకు మరిచిపోయాను. ఆ ముగ్గురి నుదుళ్లు మాత్రం మరవలేదు. అన్ని రోజులు కిరీటాల కట్లు ఒత్తుకుని తోలు పాలిపోయి, నుదుటికి అడ్డంగా తెల్లటి గీత పడింది. తడి ఆరని జుట్టు ఆ గీత మీద అంటుకుని ఉంది. ముళ్లకంచె అవతల నిలబడి, చేతులు చంకల్లో పెట్టుకుని, మేం ఎప్పుడు లోపలికి రానిస్తామా అని చూస్తున్నారు.