బిల్లు మీద బొటనవేలు

నగరి సర్వీస్ సెంటర్‌లో కౌంటర్ వెనక కూర్చునే మురుగేష్‌కు మనుషుల మొహాలతో పనిలేదు, తేదీలు చాలు. బిల్లు చేతికి రాగానే బొటనవేలు నాలుకకు తాకించి మడత విప్పుతాడు. తేదీ మీద ఆ వేలే నొక్కిపెట్టి, వెనక గోడనున్న క్యాలెండర్ వైపు గడ్డం ఎగరేస్తాడు. చెడిపోయిన వస్తువును ముట్టుకోడు. వారంటీ దాటిందని చెప్పేటప్పుడు మాత్రం ఆ గొంతులోకి ఎక్కడలేని హుషారు వస్తుంది.

ఆ రోజు నేతపని చేసే నాగరత్నమ్మ, మోటారు కాలిన గ్రైండర్‌ను మోసుకొచ్చి కౌంటర్ మీద పెట్టింది. "ఏడాది వారంటీ అయిపోయి ఎనిమిది రోజులు దాటిపోయిందమ్మా, ఇంక మాకు సంబంధం లేదు," అన్నాడు మురుగేష్, ఆమె ఇచ్చిన బిల్లు మీదనుంచి వేలు తీయకుండా. "ఆషాఢం డిస్కౌంట్‌లో కొన్నామప్పా. ఆషాఢంలో కొత్త సామాను ఎవురన్నా వాడతారా? శ్రావణం వచ్చినాకే పెట్టె తెరిచినాము." "నువ్వు పెట్టె ఎప్పుడు తెరిస్తే కంపెనీకేమి? బిల్లు తేదీనే లెక్క." "వాడబట్టి ఇంగా ఏడాది కాలేదు, సూడు," అంటూ ఆమె కౌంటర్ దాటి వెళ్లి, శ్రావణం చూపించడానికి క్యాలెండర్ కాగితాలు ఎత్తబోయింది. క్యాలెండరంతా పైకి లేచింది. దాని వెనక ఒక పసుపు బోర్డు ఉంది. ఆమె కూడబలుక్కుంటూ పైకే చదివింది: "వారంటీ ముగిసినా, తయారీలో లోపముంటే వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు."

మురుగేష్ బొటనవేలు బిల్లు మీదనుంచి లేచింది. "అది పాత బోర్డమ్మా. క్యాలెండర్ దించు."

ఆమె దించలేదు. వరుసలో మిక్సీ పట్టుకుని నిలబడినాయన ముందుకు జరిగాడు. "ఇంకోసారి సదువక్కా, గట్టిగా."