మక్సూదా గడపలో ఉలిపళ్లు, గుండుపళ్లు

బొగ్గుబాయి కార్మికుల సెంటినరీ కాలనీలో మక్సూదా ఇల్లు ఏదని ఎవరినీ అడగనక్కరలేదు. ఇనుము మీద ఇనుము రాస్తున్న కీచు చప్పుడు, దానిమీదుగా ఒక ఆడమనిషి నవ్వు వినిపించాయంటే అదే ఇల్లు. ఆమె భర్త సాబిర్ చెట్లు కోసే పనివాడు. ఆయన రంపం మిషను చైన్లు రోజూ మొద్దుబారి ఇంటికొస్తాయి. మక్సూదా వాటికి పదును పెట్టి పంపుతుంది. గడప పక్కన ఒక బల్ల, బల్లకు బిగించిన చైను, చేతిలో పెన్సిలంత గుండ్రటి ఆకురాయి. అంతే ఆమె కార్ఖానా.

కూర్చున్న చోటి నుంచి లైనులోని క్వార్టర్లన్నీ కనిపిస్తాయి. ఎవరు ఫస్టు షిఫ్టుకు పోయారో, ఎవరు పోయినట్టే పోయి సందు చివర చాయ్ తాగి తిరిగొచ్చారో, ఎవరింట్లో చేపల కూర ఉడుకుతోందో ఆమెకు తెలియంది లేదు. ఆమెకు తెలియకుండా ఏదైనా జరిగితే అది జరిగినట్టే కాదు.

ఆ గడపకే ఇప్పుడు గండం వచ్చింది.

నస్పూర్‌లో పోశం అనే ఆయన పెరట్లో కొమ్మ కోస్తుంటే సాబిర్ రంపం సీదాగా దిగకుండా పక్కకు లాగింది. కొమ్మ పోయి పోశం కొత్త కూలర్ మీద పడింది. పోశం పచ్చడైపోయిన కూలర్ ముందు కుర్చీ వేసుకుని, చొక్కా గుండీలు విప్పుకుని, సాబిర్‌నే చూస్తూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేదని సాబిర్ బాధ.

ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుకునే ఆ ఆలుమగలు పోట్లాటకు మాత్రం తెలుగులోకి దిగుతారు. లైనుకంతటికీ అర్థం కాకపోతే పోట్లాడి ఏం లాభం?

"రంపం వంకర పోతున్నదంటె నువ్వు పళ్లు వంకర రాసినట్టే. అసలు నీ ధ్యాస చైను మీద ఉంటదా?" అన్నాడు సాబిర్.

"నా ధ్యాస ముచ్చట నువ్వు చెప్పాల్నా? మొన్న అంగీ తిరగేసి తొడుక్కొని బజారంతా తిరిగినోనివి!"

"అంగీ తిరగబడితె ఎవ్వల కూలర్ పగలది. ఇగో, ఖని బజార్ల ప్రశాంత్ పదును పెట్టే మిషను తెచ్చిండు. స్విచ్ వేస్తె దాని పని అది చేసుకుంటది. ముచ్చట్లు పెట్టది, మందిని జమ చెయ్యది. ఐతారం సారవ్వ చెట్టు కోసేదుంది. అది గిట్ల వంకర పోయిందనుకో, చైన్లన్నీ ప్రశాంత్ దగ్గరికే. నువ్వు లోపట కూసొని టీవీ చూస్కో."

మక్సూదా తల తిప్పి లోపలి టీవీని చూసింది. టీవీలో ఎవరెవరో ఏడుస్తుంటారు. వాళ్లు ఈ లైనువాళ్లు కారు గదా!

సారవ్వది ఎదురు క్వార్టరే. ఆమె ఇంటి ముందు సుబాబుల్ చెట్టు నిలువునా ఎండిపోయింది. దానికి ఒక పక్క కరెంటు తీగలు, ఇంకో పక్క ఆమె పచ్చడి జాడీలుండే రేకుల షెడ్డు. చెట్టు పడితే ఆ రెంటి మధ్యనున్న సందులోనే పడాలి.

సాబిర్ అటు పోగానే మక్సూదా చైనును ఎండలో పెట్టి తిప్పి చూసింది. రంపం చైనుకు ఒక పన్ను ఎడమకు, ఒక పన్ను కుడికి ఉంటుంది. రెండు వైపులా సమానంగా అరగాలి. ఒక వైపువి పొట్టివైతే రంపం పొడుగు పళ్ల వైపుకు లాగుతుంది. ఆమె పద్ధతేమో ఎడమ పళ్లన్నీ పొద్దున రాసి, కుడి పళ్లన్నీ సాయంత్రం రాయడం. పొద్దున లైనులో ఎవరూ ఉండరు, చెయ్యి బుద్ధిగా పనిచేస్తుంది. సాయంత్రం ఆడవాళ్లందరూ గడప దగ్గర చేరతారు. ముచ్చట వేడెక్కిన కొద్దీ చెయ్యి కూడా వేడెక్కుతుంది. కుడి పళ్లన్నీ అరిగి కూర్చున్నాయి.

ఏ పన్ను ఎప్పుడు అరిగిందో కూడా ఆమెకు గుర్తొచ్చింది. ఇది సదయ్య దావత్‌లో తనకు మటన్ బొక్క రాలేదని అలిగి లేచిపోయిన నాటిది. ఇది ఎల్లేశం స్కూటరు మీదికి మేక ఎక్కిన నాటిది. అన్నిటికన్నా పొట్టిగా, ఎలుక కొరికినట్టున్న ఈ పన్ను మాత్రం గట్టయ్య తలరంగు వానకు కరిగి తెల్ల అంగీ మీదికి దిగిన ముచ్చటది. ఆ పూట ఆ ఒక్క పన్నునే ముచ్చట అయిపోయేదాకా రాసింది.

పొడుగు పళ్లను పొట్టివాటికి సరిచేసి, శనివారం నాడు చైన్లకు కొత్తగా పదును పెట్టడానికి కూర్చుంది. ఈసారి నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకుంది.

సారవ్వ వచ్చి పక్కన కూలబడింది. "సంతోషి వచ్చింది, చూసినవా?"

సంతోషి ఎల్లేశం కూతురు. నస్పూర్‌లో ఇచ్చారు, ఇంకా పెళ్లి పసుపు కూడా ఆరలేదు.

"ఊఁ," అంది మక్సూదా తల ఎత్తకుండా.

"ఊఁ ఏందే? పట్టపగలు ఒక్కతే వచ్చింది. మొగడు లేడు. చేతుల గింత పెద్ద సంచి!"

మక్సూదా పెదాలు బిగపట్టింది. సారవ్వ ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఒళ్లు కాలుతలేదు. మరి నోరు ఎందుకు పడిపోయిందే పిల్లా?"

ఇంకేముంది! మక్సూదాకు మాట పడిపోయిందని లైనంతా పాకింది. ఒకామె నిమ్మకాయ తెచ్చి దిష్టి తీసింది. ఇంకొకామె మజ్జిగ పట్టింది. సదయ్య భార్య ఆటోకు ఫోను చేసి, దవాఖానకు పోవాలె జల్ది రమ్మంది. మాట్లాడే రోజుల్లో నలుగురొచ్చే గడపకు మాట్లాడని ఆ ఒక్క రోజు సగం కాలనీ వచ్చింది.

"నాకేం కాలే!" అని అరిచింది మక్సూదా. "నోరు తెరిస్తె చెయ్యి ఆగుతలేదు. చెయ్యి ఆగకపోతె చెట్టు పోయి సారవ్వ షెడ్డు మీద పడ్తది!"

సారవ్వ లేచి నిలబడింది. "అంటె నేను ముచ్చట చెప్తె నా చెట్టు నా జాడీల మీదనే పడ్తదా? మంచిగుంది. పోత తియ్."

"సంతోషి ముచ్చట?"

"నాతోనే వస్తది."

మక్సూదా ప్రాణం ఇటు చైనులో, అటు సంతోషి సంచిలో చిక్కుకుంది. ఆకురాయి పట్టుకుని అటూ ఇటూ చూసింది. అప్పుడు తట్టింది.

"ఆగు అవ్వా, కూసో. ఇగ ఒక పక్క అన్నీ, ఇంకో పక్క అన్నీ రాయ. ఎడమ పన్ను ఒకటి, దాని పక్కన కుడి పన్ను ఒకటి. ముచ్చట ఎంత గరమైనా రెండు దిక్కులా ఒకటే తీరు పడ్తది."

అలా రాయాలంటే ఒక్కో పన్నుకూ పీట ఎత్తుకుని బల్లకు అటు పక్కకూ ఇటు పక్కకూ మారాలి. మారినప్పుడల్లా సారవ్వ ముచ్చట ఆపాలి.

"నువ్వు ఇటు వచ్చిందాక నేను నోరు మూస్కోవాల్నా?"

"మూస్కోవాలె."

"నా మొగడు గూడ నన్ను గిట్ల ఆపలే," అని గొణిగి, ఆపింది సారవ్వ.

ముచ్చట సాయంత్రం మసీదు అజాన్ దాకా సాగింది, రెండు చైన్లూ పూర్తయ్యాయి. ఇంతకీ సంగతేమిటంటే, అల్లుడికి నైట్ షిఫ్టు పడింది. పగలంతా పడుకుంటాడు. మిక్సీ తిప్పొద్దు, కుక్కర్ కూత రావద్దు. గాజులు చప్పుడవుతాయని సంతోషి చేతులకు రుమాళ్లు చుట్టుకుని అంట్లు తోమిందట. ఇక తన వల్ల కాక, కుక్కర్‌ను సంచిలో వేసుకుని పుట్టింటికి వచ్చేసింది. సారవ్వ ఈ మాట అంటుండగానే ఎల్లేశం ఇంట్లోంచి కుక్కర్ గట్టిగా కూసింది. లైనంతా నవ్వింది. మక్సూదా కూడా నవ్వింది, కానీ పన్ను మారాకే నవ్వింది.

ఆదివారం పొద్దున సాబిర్ ముందు రెండు చైన్లు పెట్టింది. ఒకటి ఉలిపళ్లది. పన్ను మూల ఉలి అంచులా కోసుగా ఉంటుంది, సరసరా కోస్తుంది. రెండోది గుండుపళ్లది. మూల గుండ్రంగా ఉంటుంది, కోత నిదానం.

"గుండుది వెయ్," అంది మక్సూదా. "చెట్టు బొగ్గు టిప్పర్లు పోయే తొవ్వల ఉంది. బెరడు నిండ దుమ్మే. ఉలిపళ్ల మూలలు దుమ్ముకు ఆగయి."

"మంది చూస్తరు. జల్ది తెగాలె," అని సాబిర్ ఉలిపళ్లదే వేసుకున్నాడు.

మంది నిజంగానే వచ్చారు. కరెంటు ఆపించారు. సారవ్వ షెడ్డులోంచి జాడీలన్నీ బయటికి మోయించింది.

"నా మీద నమ్మకం లేదా అవ్వా?" అన్నాడు సాబిర్.

"ఉంది కొడుకా. అది మామిడికాయ తొక్కు గదా, దానికి లేదు."

రంపం మొదట జున్నులో దిగినట్టు దిగింది. పిల్లలు ఈలలు వేశారు. చెట్టుకు రెండో పక్కకు వచ్చేసరికి ముక్కలు రావడం పోయి పిండి రాలింది, పిండి పోయి పొగ వచ్చింది. సాబిర్ ఎంత నొక్కినా రంపం ఏడుస్తోందే తప్ప దిగడం లేదు. మక్సూదా కొంగు చాటు నుంచి గుండుపళ్ల చైను తీసి గలగలలాడించింది.

"గదెందుకు తెచ్చినవ్?"

"ఊకెనే. ఇంట్ల ఒక్కటే ఉంటె దానికి తోస్తలేదట."

సాబిర్ చైను మార్చాడు. ఈసారి నిదానంగా, లావు లావు ముక్కలు రాలుతూ, గీత గీసినట్టు సీదాగా దిగింది. చెట్టు కిర్రుమంది. ఒక్క క్షణం షెడ్డు వైపే చూసినట్టనిపించి మక్సూదా కళ్లు మూసుకుంది. ధబ్బుమంది. కళ్లు తెరిచేసరికి చెట్టు సందు నడుమ పొడుగ్గా పడుకుని ఉంది. బెరడులోని బొగ్గు దుమ్మంతా లేచి, చూడ్డానికి వచ్చినవాళ్లందరూ అప్పుడే బొగ్గుబాయిలోంచి పైకొచ్చినట్టు నల్లగా తేలారు.

సాయంత్రం సాబిర్ రెండు చైన్లూ తెచ్చి గడప పక్క బల్ల మీద పెట్టాడు.

"ప్రశాంత్ దగ్గరికి పోలేదా?" అంది మక్సూదా.

"ఆడ కూసోనీకి జాగ లేదు," అంటూ పీట లాక్కుని కూర్చున్నాడు. కాసేపు చైను వైపు చూశాడు, కాసేపు ఎల్లేశం ఇంటి వైపు చూశాడు. చివరికి ఉండబట్టలేకపోయాడు. "అవు గని... ఆ పిలగాడు కుక్కర్ కూతకు లేస్తడు సరే. పొద్దుమాపు వాళ్లింటి ముంగట టిప్పర్లు తిరుగుతయి గదా, మరి వాటికి లేవడా?"

మక్సూదా ఆకురాయి చేతిలోకి తీసుకుంది.

"ఆగు. ఎడమ పన్ను అయినంక చెప్త."