నీటి మీద పిండి మర

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో మెకానికల్ డిప్లొమా, మెడలో ఫొటో ఉన్న ఆఫీసు కార్డు, ఈ మూడూ ఒకచోట చేరితే మనిషి నేల మీద నడవడం కష్టం. ఆ కార్డును నేను బస్సులో కూడా తీసేదాన్ని కాదు. విశాఖపట్నంలో ఒక మిఠాయి కొట్టు పైన మూడో అంతస్తులో మా ఆఫీసు. ఎక్కడో పరాయి దేశంలో కట్టబోయే ఒక తేలే ప్లాంటుకు అక్కడ మేం కంప్యూటర్ల మీద డ్రాయింగులు గీసేవాళ్ళం. సంగతేమిటంటే, నడిసముద్రం అడుగున గ్యాసు దొరుకుతుంది. దాన్ని గొట్టాలు వేసి ఒడ్డుకు లాక్కురావడం ఒక్కోచోట తలకు మించిన పని. అందుకని ప్లాంటునే ఓడ మీద కట్టి గ్యాసు దగ్గరికి తీసుకుపోతారు. మంచు కూడా వెచ్చగా అనిపించేంత చలిలో పెడితే ఆ గ్యాసు నీళ్ళలా మారి కాస్తంత చోటులో ఇమిడిపోతుంది. ఇంకో ఓడ వచ్చి పక్కన ఆగి నింపుకుపోతుంది. అంత పెద్ద ప్లాంటులో నా వాటా ఏమిటంటే, మూడో డెక్కు మెట్లకు పట్టుకునే కమ్మీలు. (కమ్మీలు మాత్రమే. మెట్లు ఇంకో అతను గీసేవాడు.) ఊళ్ళో ఎవరైనా ఏం పని చేస్తున్నావని అడిగితే మాత్రం "ఓడ కడుతున్నాను" అని చెప్పి, వాళ్ళ మొహాలు చూసి ఆనందించేదాన్ని.

రెండు వేల ఎనిమిదో తొమ్మిదో, సరిగ్గా గుర్తులేదు. చోళ్ళ కోతలు అయ్యాక (రాగుల్ని మావైపు చోళ్ళంటారు) పది రోజుల సెలవు మీద ఇంటికి వెళ్ళాను. మా ఊరు డొంకరాయి డ్యాం నీళ్ళ ఒడ్డున కొండ వాలులో ఉంటుంది. నీళ్ళకు అవతల, సరిగ్గా ఎదురుగా ఇంకో ఊరు. ఇక్కడ కోడి కూస్తే అక్కడ వినిపిస్తుంది, నడిచి వెళ్ళాలంటే మాత్రం సగం రోజు పడుతుంది. అందుకని రాకపోకలన్నీ పడవ మావ నాటు పడవలోనే. (వరసకు మావ. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో.) నేను వెళ్ళేసరికి ఊరు ఊరంతా ఒకటే గొడవలో ఉంది. రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ కలిసి పెట్టుకున్న సంఘానికి సర్కారు వారు డీజిలు ఇంజనుతో ఆడే పిండి మర ఇచ్చారు. లారీ దాన్ని రోడ్డు చివర, మా ఊరి రేవులో దింపి పోయింది. అప్పటినుంచీ అది టార్పాలిన్ కింద ఎవరూ పలకరించని చుట్టంలా కూర్చుని ఉంది. ఏ ఊళ్ళో పెట్టాలో తేలడం లేదు.

మా వైపు పెద్ద మా అక్క. అటువైపు పెద్ద, మేమంతా అవతలొడ్డు వదిన అని పిలిచే మనిషి. ఇద్దరికీ మాట పడే అలవాటు లేదు. మరను ఇచ్చిన ఆఫీసరు గారు ఓపికగా రెండుసార్లు వచ్చి చూసి, మూడోసారి ఖచ్చితంగా చెప్పేశారట. వచ్చే సంత మర్నాడు తను వచ్చేసరికి మర ఆడుతూ కనబడాలి, లేకపోతే లారీ తెచ్చి ఎక్కించుకుపోయి వేరే సంఘానికి ఇచ్చేస్తానన్నారు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. కానీ మా అక్క సంగతి వేరు. అమ్మ పోయినప్పటినుంచీ మా ఇంట్లో తిరగలి అక్కదే. మా ఇంటికి సరిపడా విసరడమే కాదు, హాస్టలుకూ పంతుళ్ళ ఇళ్ళకూ చోడిపిండి విసిరి ఇచ్చి నన్ను చదివించింది. చివరికి కుడి భుజం పైకి లేవడం మానేసింది. జుట్టు ముడి వేసుకోవాలన్నా పక్కింటి పిల్లను పిలవాల్సిందే. నా డిప్లొమా ఆ భుజం అరిగితే వచ్చింది, ఈ మాట నేను ఎవరి ముందైనా ఒప్పుకుంటాను. "మర ఎల్లిపోతే నా సెయ్యి కూడా దాంతోనే ఎల్లిపోద్ది సెల్లీ" అంది అక్క అంబలి పోస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా.

మర్నాడు రేవులో మీటింగు. అవతలి ఆడవాళ్ళు మూడు విడతలుగా పడవ మావ పడవలో దిగారు. "మర మీ ఊర్లో పెడితే మా ముసిలోళ్ళు గింజలు మోసుకోని నీల్లు దాటాలేటి?" అని వదిన. "మీ ఊర్లో పెడితే మా ముసిలోళ్ళు దాటరేటి?" అని అక్క. ఇదే మాట అటు తిప్పీ ఇటు తిప్పీ పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నడిచింది. అప్పుడు నేను లేచి నిలబడ్డాను. కార్డు సరిచేసుకున్నాను. గ్యాసు ఒడ్డుకు రాకపోతే ప్లాంటే గ్యాసు దగ్గరికి వెళ్తుందనీ, మరను నీళ్ళ మీదే కట్టి ఊరూరికీ తిప్పితే ఎవరూ ఎక్కడికీ దాటనక్కర్లేదనీ, ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలు ఇప్పుడు ఇదే ఆలోచన చేస్తున్నాయనీ పావుగంట చెప్పాను. "ఈ గుంటేటి రేడియోనాగ మాటాడతంది" అంది వదిన. (గుంట అంటే మావైపు ఆడపిల్ల.) పడవ మావ మాత్రం బీడీ తీసి, "నీల్ల మీద పిండి మరా?" అని తనలో తనే అనుకుని, నీళ్ళ వైపు ఒకసారి చూసి, "కట్టొచ్చు" అన్నాడు. అంతే, రెండు ఊళ్ళూ ఒప్పేసుకున్నాయి. అది నా ఉపన్యాసం మహిమే అనుకున్నాను. మర ఎదుటి ఊళ్ళో ఉండదన్న ఒక్క సంతోషంతో ఒప్పుకున్నారని తర్వాత ఎప్పుడో అక్క చెప్పింది.

పాత క్యాలెండరు వెనక డ్రాయింగు గీశాను. రోడ్డు పనులవాళ్ళు వదిలేసిన పన్నెండు ఖాళీ డ్రమ్ములు, వాటి మీద వెదుళ్ళ చట్రం, చట్రం మీద పలకలు, పలకల మీద ఒకవైపు ఇంజను, ఒకవైపు మర, రెండింటికీ మధ్య బెల్టు. ఇంజను బరువెంత, మర బరువెంత, నలుగురు ఆడవాళ్ళ బరువెంత, డ్రమ్ము ఎంత మోస్తుంది, అన్నీ లెక్క కట్టాను. (వదిన తన బరువు చెప్పడానికి ఒప్పుకోలేదు. కంటితో చూసి రాసుకున్నాను. ఎంత రాశానో ఇప్పటికీ ఆవిడకు చెప్పలేదు.) చుట్టూ మంచి కమ్మీలు కూడా గీశాను, అందులో నాకు అనుభవం ఉంది కదా. కట్టింది మాత్రం పడవ మావా, రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ. ఎక్కడ మేకు కొట్టాలో, ఎక్కడ తాడు కట్టాలో వాళ్ళకు చెప్పనక్కర్లేదు. నేను క్యాలెండరు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ, వాళ్ళు ముందే చేసేసిన పనుల్ని చేయమని చెబుతూ ఉండేదాన్ని. నాలుగో రోజుకి తెప్ప తయారైంది. మరను దుంగల మీద దొర్లించి ఎక్కిస్తే, తెప్ప ఒక్క జానెడు దిగి నిలబడింది. అచ్చం నా లెక్కే. ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం ఆ తర్వాత ఏ ఉద్యోగంలోనూ కలగలేదు.

సంత మర్నాడు పొద్దున్నే ముహూర్తం. మావాళ్ళు గంగమ్మకు కోడినిచ్చారు. అవతలి ఊరివాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు కాబట్టి వదిన తెప్ప మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. రెండిటి అవసరమూ లేదనీ లెక్క సరిపోయిందనీ నేను అన్నాను, ఎవరూ పట్టించుకోలేదు. తెప్పను ఒడ్డు పక్కనే నిలిపి, తాళ్ళు బిగించి మొద్దులకు కట్టమన్నాను. పడవ మావ తల గోక్కున్నాడు. "గుంటా, గట్టుకి మరీ దగ్గర కట్టకు. తాడు కూడా కాస్త వొదులుంచు. కింద కరెంటోల్లు నీల్లు వొదిలితే ఇక్కడ దిగిపోద్ది."

"మావా, సముద్రంలో రోజుకి రెండుసార్లు నీళ్ళు పెరుగుతాయి, తగ్గుతాయి. దానికే లెక్కలు కట్టేవాళ్ళం మేము" అన్నాను. మేము! మెట్ల కమ్మీలు గీసే దాన్ని! అసలు కారణం వేరు. మా ఆఫీసు గోడ మీద తేలే ప్లాంటు రంగుల బొమ్మ ఒకటి ఉండేది, అందులో తాళ్ళన్నీ బిగుతుగా, అందంగా ఉండేవి. నాకు తెలిసిందల్లా అదే. సముద్రం సంగతి బొమ్మలో చూసి చెబుతున్న నేను, పుట్టినప్పటినుంచీ స్నానం చేసిన నీళ్ళ సంగతి మర్చిపోయాను.

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. అక్క చోళ్ళు పోసింది. కింద గుడ్డ సంచిలోకి సన్నటి పిండి దిగుతుంటే ఒడ్డున ఆడవాళ్ళంతా మెడలు చాచి చూశారు. వదిన పిడికెడు తీసి వాసన చూసి, అక్క చేతిలో పెట్టింది. అరగంట బాగా నడిచింది. ఆ తర్వాత నా కాలి కింద పలక కొంచెం వాలినట్టు అనిపించింది. ఇంకాసేపటికి గింజల డబ్బా దానంతటదే నా వైపు జరగడం మొదలుపెట్టింది. నీళ్ళు దిగిపోతున్నాయి. గట్టు వైపు డ్రమ్ములు బురదలో కూర్చున్నాయి, నీళ్ళ వైపు డ్రమ్ములు నీళ్ళతోపాటే కిందికి పోతున్నాయి. మావ ఒడ్డునుంచి "తాడు వొదలండి, బేగి" అంటున్నాడు. నేను కట్టించిన ముళ్ళు ఎవరి చేతికీ ఊడడం లేదు. బెల్టు జారి పాములా పలకల మీద కొట్టుకుంది. అక్క ఎగిరి ఇంజను ఆపింది. నేను పిండి సంచిని కాపాడబోయి, దాన్నే కావలించుకుని నీళ్ళ వైపు కమ్మీల దాకా జారిపోయాను. కమ్మీలు మాత్రం గట్టిగా నిలబడ్డాయి. లేచేసరికి నెత్తినుంచి కాళ్ళ దాకా చోడిపిండి. "ఏటే ఓడ గుంటా, మీ గేసు ఇలాగే కారతాదేటి?" అంది వదిన, వాలిన పలక మీద కూర్చుని.

నవ్వే పరిస్థితి కాదు. ఇంకో మూరెడు నీళ్ళు దిగితే మర మొత్తం జారి డ్యాంలోకి పోతుంది. సరిగ్గా అప్పుడే కొండ మలుపులో ఆఫీసరు గారి జీపు చప్పుడు వినబడింది. ఏం చెయ్యాలో క్యాలెండరు మీద ఎక్కడా లేదు. అక్క నీళ్ళలోకి దూకి, వాలిన అంచు కింద కుడి భుజం పెట్టబోయింది. వదిన వెనకే దూకి ఆమెను పక్కకి నెట్టేసింది. "నీ బుజం సంగతి నాకు తెల్దేటి? తిరగలికి నాది ఎడమది పోనాది. కుడిది బాగనే ఉంది, తప్పుకో" అని తన భుజం పెట్టింది. అక్క ఒక్క క్షణం ఆమెను చూసి, అటు తిరిగి తన ఎడమ భుజం పెట్టింది. ఆ ఇద్దరినీ చూసి ఇక ఎవరూ ఒడ్డున మిగల్లేదు. రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ నడుము లోతు నీళ్ళలో నిలబడి తెప్పను ఎత్తి పట్టుకున్నారు. మావ మునిగి, మరను దొర్లించిన దుంగల్నే ఒకదాని తర్వాత ఒకటి అంచు కిందికి తోశాడు. నేనూ దిగి తోశాను. తెప్ప సమానంగా కూర్చుంది. అక్క తడి బట్టలతోనే పైకెక్కి, బెల్టు తగిలించి, వదిన చేత హ్యాండిలు తిప్పించింది.

ఆఫీసరు గారు దిగి వచ్చేసరికి మర ఆడుతోంది. నేల మీద ఆనుకుని ఉంది కాబట్టి ముందుకంటే బాగా, ఏ ఊపూ లేకుండా ఆడుతోంది. ఆయన దాన్నీ, తడిసిన ఆడవాళ్ళనూ, బూడిదలో దొర్లినట్టున్న నన్నూ మార్చి మార్చి చూశారు. "నీళ్ళ మీద తేలే మర అని చెప్పారు నాకు. ఇది తేలడం లేదు కదమ్మా" అన్నారు. నేను నోరు తెరిచాను, నీటిమట్టం, లంగరు, ఇంకా ఏదో చెబుదామని. అక్క నా వైపు చూసిన చూపుకు మూసుకున్నాను.

"తేలతాది బాబూ" అంది అక్క, చోళ్ళు పోస్తూనే. "ఊరు మారినప్పుడు తేలతాది. పిండాడినప్పుడు కూకుంటాది. మడిసైనా అంతే కదా, పన్జేసినప్పుడు ఓకాడ కూకోవాల."

ఆయన నవ్వేశారు. కాయితం మీద సంతకం పెట్టేసి, పొట్లం కట్టించుకుని మరీ పిండి తీసుకెళ్ళారు. ఆ తర్వాత ఆ మర మూడేళ్ళు అలాగే తిరిగింది. వారంలో సగం మా రేవులో, సగం అవతలి రేవులో. పడవ మావ లాక్కెళ్ళేవాడు, ఆడవాళ్ళు దుంగలు పెట్టి కూర్చోబెట్టేవాళ్ళు. ఆ తర్వాత రెండు ఊళ్ళకూ కరెంటు మరలు వచ్చాయి. నేను కూడా కమ్మీలనుంచి మెట్లకూ, మెట్లనుంచి తాళ్ళకూ లంగర్లకూ ఎదిగాను. పరాయి దేశపు ఓడల యార్డులో నిజమైన తేలే ప్లాంటును మొదటిసారి నీళ్ళలోకి దింపిన రోజున అందరూ చప్పట్లు కొడుతుంటే, నేను మాత్రం తాళ్ళు వదులుగా ఉన్నాయా అని చూస్తున్నాను. పక్కనున్నతను ఎందుకంత కంగారని అడిగాడు. మా ఊళ్ళో మర సంగతి చెబితే, కల్పించి చెబుతున్నానని అనుకున్నాడు.

కానీ నాకు ఇప్పటికీ బాగా గుర్తున్నది మా రేవులో మర ఆడిన మర్నాటి ఉదయం. నాకు ఆలస్యంగా మెలకువ వచ్చింది. ఎండ గడప దాటి లోపలికి వచ్చేసింది. చూస్తే, రోజూ చీకటితోనే లేచి తిరగలి ముందు కూర్చునే అక్క ఇంకా నిద్రపోతోంది, చెయ్యి తల కింద పెట్టుకుని, నోరు కాస్త తెరుచుకుని. నాకు ఊహ తెలిశాక అక్క నాకంటే ఆలస్యంగా లేవడం అదే మొదలు. లేపకుండా వెళ్ళి గడప మీద కూర్చున్నాను. చెవుల్లో ఇంకా పిండి ఉంది. ఇదంతా నా లెక్క వల్లే, నా డ్రాయింగు వల్లే జరిగిందని నిజంగానే నమ్మి, ఆ ఎండలో కూర్చుని తెగ మురిసిపోయాను. ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల ఇప్పుడు నాకు ఎదురుపడితే నిజం చెప్పబుద్ధి కాదు. ఇంకాసేపు మురిసిపోనీ అని పక్కనే కూర్చుంటాను.