ముగ్గురం కలిసి వండిన ఎండుచేపల పులుసు

మేం ముగ్గురం తమిళనాడులోని రాజపాళయంలో ఒకే నూలు మిల్లులో, ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్లం. మాలో పెద్దామెను నేను అక్క అంటాను. చుట్టరికం ఏమీ లేదు. మూడో ఆమెను ఇద్దరమూ చిన్నది అనే పిలుస్తాం, ఆమెకు మనవలు పుట్టినా సరే.

మిల్లు మానేసేనాటికి చిన్నదానికి చెవులు పూర్తిగా పోయాయి. ఏళ్లతరబడి ఆ యంత్రాల హోరులో నిలబడ్డవాళ్లకు అది కొత్త కాదు. మన పెదవులు చూసి సగం అర్థం చేసుకుంటుంది, మిగతా సగం ఊహించుకుంటుంది. అక్కకు షుగరు వల్ల చూపు తగ్గుతూ వచ్చి, పోయినేడు మొత్తానికే మూసుకుపోయింది. నాకు కరోనా వచ్చి తగ్గింది గానీ వాసన మాత్రం తిరిగి రాలేదు. వస్తుందని డాక్టరు చెప్పాడు. నేను ఎదురుచూడటం మానేశాను.

చూపు పోయాక అక్కను కొడుకు పొయ్యి దగ్గరికి పోనివ్వలేదు. మంచివాడే. కోడలూ వేళకు అన్నం పెడుతుంది. కానీ మిల్లులో అక్క క్యారియర్ మూత తీస్తే పక్క వరసలో వాళ్లు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. అలాంటి మనిషి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మాకు చూడబుద్ధయ్యేది కాదు.

ఒక ఆదివారం కొడుకూ కోడలూ సేత్తూరులో పెళ్లికి వెళుతూ మమ్మల్ని తోడుండమన్నారు. ముందురోజే అక్క ఎండుచేపలు తెమ్మని నాకు ఫోన్ చేసింది.

"వచ్చేటప్పుడు కరువాడు తీసుకోని రా. రేపు మనమే పులుసు చేస్తాము."

"నీ కొడుకుకి తెలిస్తే?"

"వాడు వచ్చేలోపల తిని చట్టి కడిగేస్తాము. వాసన పోగొట్టేది మీ పని. అయినా ఎండుచేప వాసన నీకేమి తెలుసులే, పావం!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు విని చాలా నెలలైంది.

అక్క పొయ్యి పక్కనే స్టూలు మీద కూర్చుని చింతపండు పిసికింది. నేను చేపల తలలు గిల్లి వేడినీళ్లలో కడిగాను. చిన్నది జలుబుతో ముక్కు మూసుకుపోయినా పొయ్యి ముందు నిలబడింది. నూనె చప్పుడు విని అక్క "ఇప్పుడు మెంతులు వేయమను" అంటే, నేను చిన్నదాని ఎదుటికి వెళ్లి పెదవులు విడదీసి చెప్పేదాన్ని. ఆమె తన గొంతు తనకే వినబడదు కాబట్టి "వేసినాను!" అని వీధి దాకా వినిపించేలా అరిచేది. అక్క నవ్వేది. పులుసు ఉడుకుతుంటే అక్క ముక్కుపుటాలు కదిలాయి. నేను ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను.

ఆ ముఖం ఉన్నట్టుండి మారిపోయింది.

"గ్యాసు వాసన వస్తా ఉండాది."

చూశాను. చట్టి పొంగి పులుసు పొయ్యి మీదికి కారింది, అంతే. వంగి గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. నాకు ఎప్పుడూ ఏమీ ఉండదు.

"పులుసు పొంగినాది అక్కా, వేరేమీ లేదు."

"లేదు, గ్యాసే! మూయండి, మూయండి!"

పొంగిన పులుసుకు మంట ఆరిపోయిందని అప్పటికే చిన్నది గమనించింది. మళ్లీ అంటించడానికి లైటరు చేతిలోకి తీసుకుంది. నేను ఒక్క ఉదుటున ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"ఏమయినాది? విడు! ఆరిపోయినాది, అంటించొద్దా?" అని ఆమె చెయ్యి లాక్కుంటోంది. గ్యాసు, గ్యాసు అంటున్నాను. నా పెదవులు వణుకుతుంటే ఆమె ఏం చదువుతుంది? నేను భయపడుతున్నానని మాత్రం తెలిసింది ఆమెకు. ఇద్దరం ఒక లైటరు కోసం పెనుగులాడుతున్నాం.

మేం ఏమీ చేయడం లేదనుకుంది అక్క. తానే సిలిండరు మూయాలని లేచి, చేతులు చాచి తడుముకుంటూ వచ్చింది. ఆ చెయ్యి తగిలి చట్టి ఒరిగింది. మరిగే పులుసు ఆమె ఎడమచేతి మీద, పాదం మీద పడింది. నేను చూశాను. నా రెండు చేతులూ చిన్నదాని చేతి మీదే ఉన్నాయి.

లైటరు లాక్కుని బయటికి విసిరేశాను. పొయ్యి, సిలిండరు రెండూ కట్టేశాను. కిటికీలు తెరిచి అక్కను పెరట్లోకి నడిపించి నీళ్లు పోస్తున్నాం. లోపల గ్యాసు పోయిందో లేదో మా ఇద్దరికీ చెప్పగలిగేది ఆ కాలిన మనిషి ఒక్కతే. కాసేపటికి మళ్లీ ఆమెను గుమ్మం దాకా తీసుకొచ్చి అడగాల్సి వచ్చింది.

"ఇంకా ఉండాదా అక్కా?"

పళ్లు బిగబట్టి పీల్చింది. "కొంచెం ఉండాది. లోపలికి పోవద్దండి."

షేర్ ఆటో పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాం. కొడుకు పెళ్లి బట్టలతోనే పరిగెత్తుకొచ్చాడు. తిట్టినా బాగుండేది.

"మీరేమి చేస్తారు చిన్నమ్మా, పావం. ఇంక ఇట్ల వేండాం, వద్దు" అన్నాడు. చిన్నది నన్ను అడిగింది, ఏమన్నాడని. తల అడ్డంగా ఊపాను.

చెయ్యి మానింది. చర్మం బిగుసుకుని వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. ఆదివారాలు ఇప్పటికీ వెళతాం. కోడలు టీ ఇస్తుంది, ముందు గదిలోనే కూర్చుంటాం. మొన్న అక్క ఉన్నట్టుండి అడిగింది.

"ఆ పొద్దు పులుసు ఎవురైనా నోట్లో వేసినారా?"

"లేదక్కా. అంతా కింద పోయినాది."

"ఉప్పు సరిగా పడినాదో ఏమో" అంది.

చిన్నది నా భుజం తట్టి "ఏమంటా ఉండాది?" అని గట్టిగా అడిగింది. పెదవులు కదపబోయి ఆగిపోయాను; చెబితే ఇల్లంతా వినబడేలా అరుస్తుంది, లోపల కోడలుంది.