క్లచ్చుకు వేసిన పట్టుముడి

ధర్మవరంలో పట్టుచీరలు నేసే మార్కండేయకు ఎడమకాలు చిన్ననాటి జ్వరంలోనే రాజీనామా ఇచ్చింది. కుడికాలు రెండు కాళ్ళ ఉద్యోగమూ ఒంటరిగా చేస్తూ వచ్చింది గాని, జీతం పెంచమని ఎన్నడూ అడగలేదు. ఆ కాలితోనే మగ్గం తొక్కి, ఇల్లు నిలబెట్టి, యాభై దాటాక ఆయన ఒక కోరిక కోరాడు. కారు నడపాలని.

ఆ కోరికకు మూలం భార్య సరళ. పెండ్లయిన నాటి నుంచి బస్సులో ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి, ఒక చేత ఆయన కర్ర, ఒక చేత చీరల మూట పట్టుకొని, తాను నిలబడి ప్రయాణం చేసిన మనిషి. తాడిపత్రికైనా అంతే, గుత్తికైనా అంతే. ఆమెను ఒక్కసారి కూర్చోబెట్టి, తాను తీసుకుపోవాలని మార్కండేయ పంతం. ఈ సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. చీరల మూటలు మోసేకి కారైతే బాగుంటుందని చెప్పాడు. ఆయన ఎరిగిన మొగవాళ్ళందరూ ప్రేమను సరుకు రవాణా కిందే నడిపించారు మరి.

రిటైరైన ఒక మాస్టారి దగ్గర పాత మారుతి దొరికింది. కుడికాలు బ్రేకునూ ఆక్సిలరేటరునూ చూసుకోగలదు. దిక్కులేనిది ఎడమకాలు తొక్కాల్సిన క్లచ్చు. దానికి మెకానిక్ ఎర్రప్ప ఉపాయం చెప్పాడు: గేరు రాడ్డుకు స్కూటరు పిడి లాంటి లివరు బిగిస్తే, చేత్తో పిండినప్పుడల్లా తీగ లాగి క్లచ్చు పడుతుంది. పాత పెడలు అట్లే ఉంటుంది, రెండు కాళ్ళవాళ్ళు నడపాలంటే.

అయితే కంపెనీ చేసిన బండిలో మనిషి చెయ్యి పెడితే, ఆ చెయ్యి మంచిదేనని సర్కారు ఒప్పుకోవాలి. ముందు అనుమతి, ఆ తర్వాత బిగింపు, ఆ పైన తనిఖీ, చివరకు ఆర్సీ మీద ముద్ర. అనుమతి వచ్చింది, లివరు బిగిసింది. నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు ఎల్లెల్లార్ తీసుకొని, ఎర్రప్పను పక్కన పెట్టుకొని, మార్కండేయ ఊరి బయటి ఎండిన చెరువులో నేర్చుకున్నాడు. ఏండ్ల తరబడి ఈతకు అక్కరకు రాని చెరువు ఆ విధంగా డ్రైవింగుకు వచ్చింది.

"ఒక్క రౌండు వస్తావా?" అని సరళను పిలిచాడు.

"ముద్ర పడనీ. అంతదాకా నేను ఆ బండిలో కూచునేది లేదు."

"చెరువులోనే కదా."

"చెరువులో మునిగినోళ్ళు ఉండారు."

"మునిగేకి నీళ్ళు యాడుండాయి?"

"నువ్వు నడిపితే అవీ వస్తాయి."

వాన రాక విసిగిపోయిన ఎర్రప్పకు ఈ మాట బాగా నచ్చింది. "అట్లయితే దినామూ నడుపు అన్నా" అన్నాడు.

తనిఖీ రోజు వచ్చింది. మార్కండేయ ఇంట్లో పెద్దల నాటి పద్ధతి ఒకటుంది. మగ్గానికి కొత్త భాగం ఏది బిగించినా, దాన్ని పక్కనున్న పాతదానితో కలిపి ఒక పట్టుపోగు చుట్టి ముడివేస్తారు. కొత్తదీ పాతదీ కొట్లాడుకోకుండా కలిసి కాపురం చేయాలని. తెల్లారగానే స్నానం చేసి, పసుపు కుంకుమలు పెట్టి, సరళ ఆ మర్యాద లివరుకూ జరిపించింది. బండి లోపల కూర్చోలేదు, బయట నిలబడి చేతులు మాత్రం చాచింది. నల్ల పట్టుపోగును లివరు కీలు చుట్టూ చుట్టి, గేరు రాడ్డుకు కలిపి ముడివేసింది. తెగిన పోగులు అతికే చేయి అది. అటువంటి చేయి వేసిన ముడి చీర చినిగినా ఊడదు.

ఆ తర్వాత ఆమె బస్సెక్కింది. మార్కండేయను పక్కన కూర్చోబెట్టుకొని, ఎర్రప్ప పెడలు తొక్కుకుంటూ కారును అనంతపురం చేర్చాడు. లివరుతో ఎవరికీ పని పడలేదు.

రవాణా ఆఫీసు మైదానంలో బ్రేకు ఇన్‌స్పెక్టరు ఉమాదేవి వచ్చి పక్క సీట్లో కూర్చుంది. "కదిలించండి" అంది.

మార్కండేయ లివరు పిండాడు. అది సగం దాకా వచ్చి ఆగింది. గేరు వేయబోతే లోపల ఏదో పండ్లు కొరికింది. మళ్ళీ పిండాడు. మళ్ళీ అదే. ఆయన చొక్కా వీపుకు అతుక్కుంది.

"లివరు పూర్తిగా పడడం లేదు కదప్పా. ఇట్లుంటే నేనెట్లా రాసేది?"

కిటికీలోంచి తల పెట్టిన ఎర్రప్పే పోగును చూశాడు. కీలులోకి దిగి, బిగుసుకొని కూర్చుంది. "అన్నా, దారం ఇరుక్కుండాది. బ్లేడుండాది, తెంపేస్తా."

"తెంపొద్దు." మార్కండేయ చేయి అడ్డం పెట్టాడు. "పనిముట్టుకు కట్టింది తెంపగూడదు. కట్టినోళ్ళే విప్పాల."

ఉమాదేవి గడియారం చూసుకుంది. ఆమెది గుత్తి. ఇట్లాంటి వాటితో వాదన పెట్టుకుంటే పొద్దు గుంకుతుందని ఇంటి దగ్గరే నేర్చుకుంది. "కట్టినోళ్ళు యాడుండారు?"

కట్టినోళ్ళు గేటు బయట వేపచెట్టు కింద ఉన్నారు. ఎర్రప్ప పోయి పిలుచుకొచ్చాడు. సరళ కారు దాకా వచ్చి నిలబడింది. ఉమాదేవి దిగి దారి ఇచ్చింది.

"వదినా, కూచోని విప్పు" అన్నాడు ఎర్రప్ప.

"ముద్ర పడిందా?"

"నువ్వు విప్పితే పడుతుంది."

"పడితే కూచుంటా."

ధర్మసూక్ష్మం ఇక్కడ చిక్కుపడింది. ముద్ర పడందే సరళ కూర్చోదు, సరళ కూర్చోందే ముడి ఊడదు, ముడి ఊడందే ముద్ర లేదు. సరళ తన ప్రతిజ్ఞలో సందు వెతికి, సీటు మీద మోకాలు ఒకటి మాత్రం ఆనించింది. "ఇది కూచునేది కాదు" అని అందరికీ చెప్పింది. ముడి కదల్లేదు. రెండో మోకాలు ఆనించింది. గోటితో లాగింది, పంటితో లాగింది. నడుము పట్టేసింది. అప్పుడు తల పైకెత్తి మొగుడి మొహం చూసింది. మగ్గం మీద ఒక్క కాలితో పొద్దస్తమానం తొక్కిన నాడు కూడా ఆ మొహం అట్లా వాడిపోలేదు.

సరళ తిరిగి, సీట్లో సరిగ్గా కూర్చుంది.

ఇప్పుడు ముడి రెండు చేతులకూ సరిగ్గా అందింది. పోగు చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. మార్కండేయ లివరు పిండాడు. అది అడుగంటా పడింది.

సరళ దిగబోతుంటే ఉమాదేవి ఆపింది. "ఉండమ్మా. ఖాళీ బండిని ఎవరైనా ఎత్తు ఎక్కిస్తారు. బరువుతో ఎక్కిస్తాడేమో చూడాల." వెనక సీట్లో తాను కూర్చుంది.

"ఇన్నేండ్లు మూటలు మోసినా. ఈ పొద్దు నేనే మూట అయితిని" అంది సరళ.

మైదానం చివర మట్టి దిబ్బ ఉంది. సగం ఎక్కాక ఆపమంది ఉమాదేవి. ఆపాడు. కదలమంది. కారు వెనక్కు జానెడు జారితే తనిఖీ పోయినట్టే. సరళ తలుపు పిడిని గట్టిగా పట్టుకుంది. మార్కండేయ హ్యాండుబ్రేకు లాగి, లివరు పిండి, గేరు వేసి, బిడ్డ చేతిలోంచి గిలక్కాయ తీసుకున్నట్టు మెల్లగా ఒక్కొక్కటే వదిలాడు. కారు ఒకసారి వణికి, ముందుకు పోయింది.

దిబ్బ దిగాక ఉమాదేవి కాగితాల మీద సంతకం పెట్టి, ఆర్సీ మీద ముద్ర కోసం లోపలికి పంపింది. పోతూ సరళ వైపు తిరిగింది. "ఇంకోసారి కీలుకు కట్టొద్దమ్మా. కావాలంటే అద్దానికి కట్టుకో."

తిరుగు ప్రయాణంలో ఎల్లెల్లార్ చట్టం ప్రకారం, నడిపే మార్కండేయ పక్కన ముందు సీటు ఎర్రప్పది. సరళ వెనక సీటు నిండా విశాలంగా కూర్చుంది, పక్కన కర్ర, ఆ పక్కన ఏ మూటా లేదు. ధర్మవరం బస్సు ఒకటి నిలబడినవాళ్ళతో దాటిపోయింది.

"ఎట్లుండాది?" అద్దంలోంచి అడిగాడు మార్కండేయ.

"రోడ్డు చూడు" అంది సరళ. కొంత దూరం పోయాక, ఎర్రప్ప భుజం మీదుగా వంగి, నల్లపోగును అద్దానికి చుట్టింది. ముడి మాత్రం వేయలేదు.

"వేయవా?" అన్నాడు ఎర్రప్ప.

"తొందరేముంది? రేపు ఇదే బండిలో గుత్తికి పోవాల కదా, అప్పుడు వేస్తా" అంది.